మందుల్లో మ్యూటజెనిక్ ఇంప్యూరిటీలు: ఖర్చు తగ్గించి, నమ్మకం పెంచే స్క్రీనింగ్ ప్లాన్ ఎలా వేయాలి

2018 జూలైలో బీపీకి వాడే వల్సార్టాన్ మాత్రల్లో ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్ ఉందని బయటపడింది. చాలా దేశాల్లో బ్యాచ్‌లకు బ్యాచ్‌లు వెనక్కి తెప్పించారు. బీపీ మాత్ర వారం వాడి ఆపేసేది కాదు, ఏళ్ల తరబడి రోజూ వేసుకునేది. అలాంటి మాత్రలో డీఎన్‌ఏను దెబ్బతీసే రసాయనం, అంటే మ్యూటజెన్, కూర్చుంది.

అది ఎలా వచ్చిందో చూడండి. టెట్రజోల్ వలయం కట్టే స్టెప్‌లో డైమిథైల్ ఫార్మమైడ్‌ను సాల్వెంట్‌గా వాడారు. అది కొద్దికొద్దిగా విరిగి డైమిథైలమైన్ ఇస్తుంది. మిగిలిపోయిన ఎజైడ్‌ను తొలగించడానికి సోడియం నైట్రైట్ వేశారు. అమైన్, నైట్రైట్ ఒకచోట కలిస్తే నైట్రోసమైన్ పుడుతుందని కెమిస్ట్రీ చదివిన ప్రతివారికీ తెలుసు. రియాక్టర్‌లో ఉండే పదార్థాల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఏది దేనితో కలవగలదో ముందే అడిగి ఉంటే ఒక్క టెస్టు కూడా చేయకుండానే అనుమానం వచ్చేది. స్క్రీనింగ్ ప్లాన్ వేసేటప్పుడు నేను పట్టుబట్టేది ఇక్కడే. చవకైన ఆలోచన ముందు, ఖరీదైన టెస్టు తర్వాత. ఫలితం ఎలా వచ్చినా మీ నిర్ణయం మారదు అనుకుంటే ఆ టెస్టు అసలు వద్దు.

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ లాంటి చోట్ల చిన్న, మధ్యతరహా బల్క్ డ్రగ్ కంపెనీల్లో ఆర్ అండ్ డి, క్యూఏ, రెగ్యులేటరీ పనుల్లో ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. రంగులు, పురుగుమందుల కంపెనీలకు లిమిట్లు, నియమాలు వేరు. పని వరుస మాత్రం వాళ్లకూ ఇదే సరిపోతుంది.

1. ముందు మీ లిమిట్ ఎంతో లెక్క కట్టండి

మందుల్లో మ్యూటజెనిక్ ఇంప్యూరిటీలకు ప్రపంచమంతా పాటించే మార్గదర్శకం ఐసీహెచ్ (ఔషధ నియమాలను సమన్వయం చేసే అంతర్జాతీయ సంస్థ) ఇచ్చిన ఎం7. జీవితాంతం వాడే మందులో, విడిగా క్యాన్సర్ డేటా లేని ఒక మ్యూటజెన్ రోజుకు 1.5 మైక్రోగ్రాములు దాటకూడదని అది చెబుతుంది. లక్షమందిలో ఒకరికి అదనంగా క్యాన్సర్ ముప్పు అనే లెక్క మీద కట్టిన అంకె అది. వాడే కాలం తగ్గితే లిమిట్ పెరుగుతుంది: ఒకటి నుంచి పదేళ్లలోపు అయితే రోజుకు 10 మైక్రోగ్రాములు, నెల దాటి ఏడాదిలోపు అయితే 20, నెలలోపు అయితే 120.

దీన్ని మీ మందు డోసుకు మార్చుకోండి. రోజుకు 500 మి.గ్రా. జీవితాంతం వాడే మందైతే 1.5 మైక్రోగ్రాములంటే 3 పీపీఎం (పది లక్షల్లో మూడు భాగాలు). అదే 10 మి.గ్రా. డోసైతే 150 పీపీఎం. పది రోజుల కోర్సులో రోజుకు గ్రాము వాడే యాంటీబయాటిక్ అయితే 120 పీపీఎం. 3 పీపీఎం దగ్గర ఎల్‌సీఎంఎస్ (అతి తక్కువ మోతాదును కూడా కొలిచే పరికరం) మెథడ్, మళ్లీ దాని వ్యాలిడేషన్ అంటూ నెలలు పట్టొచ్చు. 150 పీపీఎం అయితే చాలాసార్లు మామూలు మెథడ్‌తోనే పని జరిగిపోతుంది, ఏమ్స్ టెస్టు (బ్యాక్టీరియాలో మ్యుటేషన్లు చూసే టెస్టు) అవసరమే రాకపోవచ్చు. దాన్ని మ్యూటజెన్ అనే అనుకుని, లిమిట్ లోపల ఉందని చూపించేస్తే చాలు. ఈ లెక్క చేయకుండా నేరుగా టెస్టింగ్ ల్యాబ్‌కు ఫోన్ చేసే కంపెనీలు చాలానే ఉన్నాయి. బడ్జెట్ ఎక్కువగా కారేది అక్కడే.

2. జాబితా పూర్తిగా రాయండి, ట్యాంకుల దాకా వెళ్లి

స్టార్టింగ్ మెటీరియల్స్, రీఏజెంట్లు, ఇంటర్మీడియట్లు అందరూ రాస్తారు. తప్పిపోయేవి వేరే ఉంటాయి: సైడ్ రియాక్షన్‌లో పుట్టేవి, నిల్వలో మందు విరిగితే వచ్చేవి, వెండర్ పంపిన మెటీరియల్‌లో ముందే ఉన్నవి, రికవర్ చేసి మళ్లీ వాడే సాల్వెంట్‌లో పోగుపడేవి.

2007లో యూరప్‌లో వైరాసెప్ట్ అనే హెచ్‌ఐవీ మందును వెనక్కి తెప్పించారు. అందులో ఇథైల్ మీథేన్ సల్ఫోనేట్ ఉంది, డీఎన్‌ఏను నేరుగా ఆల్కైలేట్ చేసే రసాయనం అది. ఆ మందును మెసైలేట్ సాల్ట్‌గా తయారుచేస్తారు కాబట్టి మీథేన్ సల్ఫోనిక్ యాసిడ్ కావాలి. యాసిడ్ నిల్వ ట్యాంకును కడిగాక మిగిలిన ఇథనాల్ ఆ యాసిడ్‌తో కలిసి ఎస్టర్ అయింది. రూట్ స్కీమ్ (తయారీ స్టెప్పుల పటం) ఎంత చూసినా ఈ సంగతి కనబడదు, ప్లాంటులో ట్యాంకు క్లీనింగ్ రికార్డు చూస్తే కనబడుతుంది. అందుకే ఈ జాబితాను ఆర్ అండ్ డి వాళ్లు ఒంటరిగా రాయకూడదు. ప్రొడక్షన్ సూపర్‌వైజర్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ సాల్వెంట్ ఎక్కడి నుంచి వస్తుందో, ఏ ట్యాంకు దేనితో కడుగుతారో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

3. ఉన్న డేటా వెతకండి

ఇది ఒకటి రెండు రోజుల పని, వదిలేయకండి. అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ ఏమ్స్ ఫలితాలు అందరికీ తెరిచే ఉన్నాయి. రసాయన నిర్మాణం నుంచి ప్రమాదాన్ని అంచనా వేసే ఓఈసీడీ (అంతర్జాతీయ ఆర్థిక సహకార సంస్థ) క్యూఎస్ఏఆర్ టూల్‌బాక్స్‌ను ఉచితంగా దించుకోవచ్చు, అందులో చాలా డేటాబేసులు కలిసే వస్తాయి. పేరుతో కాకుండా క్యాస్ నంబరుతో (ప్రతి రసాయనానికీ ఉండే గుర్తింపు సంఖ్య), నిర్మాణంతో వెతకండి. దొరికిన రిపోర్టులో ఎన్ని స్ట్రెయిన్లు (బ్యాక్టీరియా రకాలు) వాడారు, ఎస్9తో (కాలేయపు ఎంజైములతో) కూడా చేశారా, గరిష్ఠ డోసు ఎంత అన్నది చూడండి. 1980లలో రెండు స్ట్రెయిన్లతో చేసిన నెగెటివ్‌ను పూర్తి నెగెటివ్‌గా రాయకండి.

4. నిర్మాణం చూసి వడపోయండి

మిగిలినవాటికి ఎం7 రెండు రకాల కంప్యూటర్ అంచనాలు అడుగుతుంది. ఒకటి నిపుణుల నియమాల మీద నడిచేది, రెండోది గణాంక మోడల్. ఆరోమాటిక్ అమైన్లు, నైట్రో ఆరోమాటిక్స్, ఎపాక్సైడ్లు, ఆల్కైల్ హాలైడ్లు, సల్ఫోనేట్ ఎస్టర్లు, హైడ్రజీన్లు, బోరోనిక్ యాసిడ్లు కనబడితే అలర్ట్ వెలుగుతుంది. పెయిడ్ సాఫ్ట్‌వేర్‌కు లైసెన్స్ ఫీజు ఉంటుంది. తొలి వడపోతకు టాక్స్‌ట్రీ, వేగా లాంటి ఉచితమైనవి పనికొస్తాయి. ఫైలింగ్ దగ్గరికి వచ్చాక రెగ్యులేటర్లకు అలవాటైన సాఫ్ట్‌వేర్‌తో ఒకసారి బయట చేయించుకోవచ్చు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ‘ఈ అణువు నా పరిధిలో లేదు’ అని మోడల్ చెబితే అది నెగెటివ్ కాదు, ఏమీ చెప్పలేదనే అర్థం. రెండోది, రెండు మోడళ్లూ నెగెటివ్ అన్నాయని ధైర్యం రెట్టింపు చేసుకోకండి. చాలా మోడళ్లు ఒకే పాత ఏమ్స్ డేటా నుంచి నేర్చుకున్నవే. ఒకటి ఎక్కడ పొరబడుతుందో రెండోది కూడా అక్కడే పొరబడే అవకాశం ఉంది. చివరి మాట కెమిస్ట్ది, టాక్సికాలజిస్ట్ది. వాళ్లిద్దరూ ఎందుకు అలా అనుకున్నారో నాలుగు వాక్యాల్లో రాయించి ఫైల్లో పెట్టండి.

ఇంకో వెసులుబాటు ఉంది. ఇంప్యూరిటీలో ఉన్న అలర్ట్ మీ మందు అణువులో కూడా అదే చోట, అదే పరిసరాల్లో ఉండి, ఆ మందు ఏమ్స్‌లో నెగెటివ్ అయి ఉంటే ఆ ఇంప్యూరిటీ ఎం7 వర్గీకరణలో నాలుగో తరగతి కిందికి వస్తుంది. దాన్ని మామూలు ఇంప్యూరిటీలా చూడొచ్చు. కొన్ని రూట్లలో సగం జాబితా ఇక్కడే తేలిపోతుంది.

5. టెస్టు పంపేముందు ఈ లెక్క ఒకసారి వేయండి

టెస్టు ఎంత మంచిదన్నది టెస్టు మీదే ఆధారపడదు, దానికి మీరు ఏం పంపిస్తున్నారన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. ఉదాహరణకు ఒక టెస్టు వంద మ్యూటజెన్లలో 80ని పడుతుందని, మంచి రసాయనాలు వందలో 15 మీద తప్పుడు అలారం కొడుతుందని అనుకుందాం. వడపోత లేకుండా 200 రసాయనాలు పంపారు, వాటిలో నిజమైన మ్యూటజెన్లు 20. టెస్టు 16ని పడుతుంది, 4 జారిపోతాయి. మిగతా 180లో 27 మీద ఉత్తి అలారం. అంటే 43 పాజిటివ్‌లు వస్తే నిజమైనవి 16 మాత్రమే. మిగతా 27 కోసం మీరు మెథడ్లు కట్టాలి, రూట్ మార్చాలి, రెగ్యులేటర్‌కు జవాబులు రాయాలి.

అదే నిర్మాణం చూసి వడపోసి, సగం నిజంగా మ్యూటజెన్లే ఉండే గుంపును పంపితే? వందలో 50 నిజమైనవి, 40 పట్టుబడతాయి. ఉత్తి అలారాలు ఏడో ఎనిమిదో. టెస్టు మారలేదు, పాజిటివ్ మీద నమ్మకం మూడో వంతు దగ్గర నుంచి ఎనభై శాతం పైకి వెళ్లింది.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. ఆ రెండో గుంపులో 10 జారిపోయాయి. సగం దాకా మ్యూటజెన్లే ఉండే గుంపులో నెగెటివ్ ఫలితానికి విలువ తక్కువ. అందుకే బలమైన అలర్ట్ ఉన్నది నెగెటివ్ వస్తే సంబరపడకుండా పూర్తి స్థాయి టెస్టుతో ఖాయం చేసుకోవాలి. అలర్ట్ లేనిది పాజిటివ్ వస్తే ముందు శాంపిల్ శుద్ధతను అనుమానించాలి.

‘టెస్టులు ఎక్కువ చేస్తే సరి’ అనుకునేవారికి ఒక అధ్యయనం గుర్తుచేస్తాను. 2005లో డేవిడ్ కర్క్‌లాండ్ బృందం ఏమ్స్‌తో పాటు రెండు రకాల క్షీరద కణాల టెస్టులను కలిపి చూసింది. డేటా ఉన్న 553 కార్సినోజెన్లలో 93 శాతం ఏదో ఒక టెస్టులో పాజిటివ్ వచ్చాయి. బాగానే ఉంది. కానీ మూడు టెస్టులూ చేసినప్పుడు, క్యాన్సర్ కలిగించని రసాయనాల్లో కూడా 75 నుంచి 95 శాతం ఏదో ఒకదానిలో పాజిటివ్ వచ్చాయి. అన్నిటినీ పట్టే వల మంచివాటిని కూడా పట్టేస్తుంది. ఇంప్యూరిటీల విషయంలో ఎం7 మొదటి టెస్టుగా ఒక్క ఏమ్స్‌నే అడగడం సబబైన పని. అతి చిన్న మోతాదులో కూడా భయపడాల్సింది డీఎన్‌ఏతో నేరుగా చర్య జరిపే రసాయనాల గురించి, ఏమ్స్ బాగా పట్టేది వాటినే.

జపాన్‌లో ఏఎఫ్-2 అనే ప్రిజర్వేటివ్‌ను 1965 నుంచి టోఫులో, చేప సాసేజుల్లో వాడారు. జంతువుల మీద అంతకుముందు చేసిన పరీక్షల్లో దాని ప్రమాదం బయటపడలేదు. బ్యాక్టీరియాలో గట్టి మ్యూటజెన్ అని తేలాక 1974లో ఆపేశారు, తర్వాత జంతువుల్లోనూ క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైంది. కొద్ది రోజుల్లో ముగిసే ప్లేట్ల టెస్టుకు అంత బలం ఉంది.

6. చిన్న ఏమ్స్, కానీ పద్ధతిగా

1970లలో బర్క్‌లీలో బ్రూస్ ఏమ్స్ తయారుచేసిన ఈ టెస్టు సూత్రం సులువు. హిస్టిడిన్ సొంతంగా చేసుకోలేని సాల్మొనెల్లాను దాదాపు హిస్టిడిన్ లేని ప్లేట్ మీద వేస్తారు. మ్యుటేషన్ జరిగి ఆ శక్తి తిరిగొచ్చిన కణాలే కాలనీలవుతాయి. ఆ కాలనీలను లెక్కపెడతారు.

ఓఈసీడీ 471 మార్గదర్శకం ప్రకారం పూర్తి టెస్టుకు ఐదు స్ట్రెయిన్లు కావాలి. ఎస్9తో, లేకుండా, ఐదు డోసులు, రెండు కంట్రోళ్లు, ఒక్కోదానికి మూడు ప్లేట్లు వేసుకుంటే 5×2×7×3, అంటే 210 ప్లేట్లు. గరిష్ఠ డోసు ప్లేటుకు 5 మి.గ్రా. నుంచి దిగుతూ వస్తే శాంపిల్ ఒక్కసారికే 220 మి.గ్రా. దాకా పోతుంది. రిపీట్, వృథా కలిపితే అర గ్రాముకు పైమాటే. ఇంప్యూరిటీని విడిగా అంత తయారుచేయడం కొన్నిసార్లు టెస్టు కంటే ఎక్కువ ఖర్చు.

తొలి స్క్రీనింగ్‌కు టీఏ98, టీఏ100 స్ట్రెయిన్లు చాలు. ఒకటి ఫ్రేమ్‌షిఫ్ట్‌లను, ఇంకొకటి బేస్ మార్పులను పడుతుంది. రెండేసి ప్లేట్లతో చేస్తే 56 ప్లేట్లు, సుమారు 60 మి.గ్రా. శాంపిల్. ఇందులో స్పష్టమైన పాజిటివ్ వస్తే అక్కడితో ఆపేయండి. పూర్తి టెస్టుకు డబ్బు పెట్టనక్కరలేదు, కంట్రోల్ చేసే పని మొదలుపెట్టండి. నెగెటివ్ వచ్చినవాటినే పూర్తి టెస్టుకు పంపండి. ఫైలింగ్‌లో నెగెటివ్ అని రాయాలంటే ఐదు స్ట్రెయిన్ల టెస్టు ఎలాగూ కావాలి.

ల్యాబ్‌ను ఎంచుకునేటప్పుడు రేటు కంటే ముందు అడగాల్సినవి ఇవి.

స్ట్రెయిన్ల లక్షణాలు ఎప్పుడు సరిచూశారు? క్రిస్టల్ వయొలెట్‌కు, అల్ట్రావయొలెట్‌కు చావాలి. టీఏ98, టీఏ100 అయితే యాంపిసిలిన్‌ను తట్టుకోవాలి. ఆ తట్టుకునే శక్తినిచ్చే ప్లాస్మిడ్ (అదనపు డీఎన్‌ఏ వలయం) పోతే స్ట్రెయిన్ మొద్దుబారి, చాలా మ్యూటజెన్లు నెగెటివ్‌గా కనబడతాయి.

ఎస్9 పని చేస్తోందని దేనితో రుజువు చేస్తున్నారు? ఎస్9 అంటే ఎంజైములు పెంచిన ఎలుక కాలేయం నుంచి తీసిన భాగం. వేరుశనగలో బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్ లాంటివి కాలేయపు ఎంజైముల చేతిలో పడ్డాకే మ్యూటజెన్ అవుతాయి కాబట్టి ఇది తప్పనిసరి. చాలా ల్యాబ్‌లు 2-అమైనోఆంత్రసీన్ ఒక్కదానితో సరిపెడతాయి. అది ఒక్కటే చాలదని ఓఈసీడీయే చెబుతోంది. ఆ ఎస్9 బ్యాచ్‌ను బెంజోపైరీన్ లాంటిదానితో కూడా పరీక్షించి ఉండాలి.

గత కంట్రోళ్ల రికార్డు చూపిస్తారా? టీఏ1537 లాంటి స్ట్రెయిన్‌లో ఏ రసాయనం వేయకపోయినా పది చొప్పున కాలనీలు వస్తుంటాయి. అక్కడ 10 నుంచి 19 అయితే ఏమీ తేల్చలేం. టీఏ100లో బేస్‌లైన్ వంద దాటి ఉంటుంది, అది రెట్టింపైతే విషయం ఉన్నట్టే. అందుకే చాలా ల్యాబ్‌లు టీఏ98, టీఏ100లకు రెండు రెట్లు, తక్కువ బేస్‌లైన్ ఉన్నవాటికి మూడు రెట్లు అని పెట్టుకుంటాయి. డోసుతో పాటు కాలనీలు పెరుగుతున్నాయా లేదా అన్నది ఈ రెట్ల కంటే ముఖ్యం.

బ్యాక్‌గ్రౌండ్ లాన్ చూస్తారా? డోసు విషమై చాలా కణాలు చస్తే, మిగిలినవి ఉన్న కాస్త హిస్టిడిన్‌ను పంచుకుని సూది మొనంత కాలనీలు కడతాయి. వాటిని మెషిన్ లెక్కపెట్టి పాజిటివ్ అనేస్తుంది. మనిషి కళ్లతో చూడాల్సిందే.

శాంపిల్ వైపు మీ బాధ్యత కూడా ఉంది. ఇంప్యూరిటీని విడిగా పంపండి. మందులో 0.1 శాతం ఉన్నదాన్ని మందుతోనే టెస్టు చేస్తే, 5 మి.గ్రా. ప్లేటులో ఆ ఇంప్యూరిటీ 5 మైక్రోగ్రాములే ఉంటుంది, చాలా మ్యూటజెన్లు పట్టుబడవు. యాసిడ్ క్లోరైడ్లు, సల్ఫోనైల్ క్లోరైడ్లను డీఎంఎస్ఓలో కరిగించవద్దని ల్యాబ్‌కు రాసి మరీ చెప్పండి. అవి డీఎంఎస్ఓతో చర్య జరిపి మ్యూటజెనిక్ సల్ఫైడ్లను పుట్టిస్తాయి. పాజిటివ్ వస్తుంది, తప్పు మీ రసాయనానిది కాదు, సాల్వెంట్‌ది.

నా సలహా ఇంకొకటి. మొదటి ఆర్డర్‌తో పాటు కోడ్ నంబర్లతో రెండు అదనపు శాంపిళ్లు పంపండి. ఒకటి ఎస్9 ఉంటేనే పాజిటివ్ వచ్చే తెలిసిన మ్యూటజెన్, రెండోది మానిటాల్ లాంటి నిరపాయకరమైనది. మ్యూటజెన్‌కు కోడ్ పెట్టినా, సీసా మీద ప్రమాద హెచ్చరిక రాయడం మరవకండి. ల్యాబ్ గురించి బ్రోషర్ చెప్పని విషయాలు ఈ రెండు సీసాలు చెబుతాయి.

ఫైలింగ్‌కు వెళ్లే టెస్టు మాత్రం జీఎల్‌పీ (గుడ్ ల్యాబొరేటరీ ప్రాక్టీస్) సర్టిఫికేట్ ఉన్న ల్యాబ్‌లోనే చేయించండి. మన దేశంలో ఆ సర్టిఫికేట్‌ను కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ (డీఎస్‌టీ) కింద ఉన్న ఎన్‌జీసీఎంఏ ఇస్తుంది. 2011 నుంచి భారత్ డేటాను పరస్పరం ఒప్పుకునే ఓఈసీడీ ఒప్పందంలో పూర్తి భాగస్వామి కాబట్టి, ఇక్కడ చేసిన టెస్టును అందులో ఉన్న దేశాల్లో మళ్లీ చేయమని అడగరు.

7. పాజిటివ్ వస్తే

టెన్షన్ పడి వెంటనే జంతువుల టెస్టుకు పరిగెత్తకండి. ముందు పర్జ్ లెక్క వేయండి: ఆ ఇంప్యూరిటీ ఏ స్టెప్‌లో పుడుతుంది, తర్వాత ఎన్ని స్టెప్పులున్నాయి, నీటితో కడిగినప్పుడు విరిగిపోతుందా, క్రిస్టలైజేషన్‌లో మదర్ లిక్కర్‌తో పోతుందా. మొదటి స్టెప్‌లో వాడి, తర్వాత రెండుసార్లు నీటి వర్కప్ దాటే సల్ఫోనైల్ క్లోరైడ్ చివరి మందులో మిగలదని కెమిస్ట్రీతోనే వాదించవచ్చు. ఎం7 ఈ దారిని ఒప్పుకుంటుంది. వాదన బలంగా లేకపోతే ఇంటర్మీడియట్ దగ్గరే లిమిట్ పెట్టి అక్కడ టెస్టు చేయండి, ఆఖరి మందులో 3 పీపీఎం వెతకడం కంటే అది ఎప్పుడూ సులువే. ఇవేవీ కుదరకపోతేనే ట్రాన్స్‌జెనిక్ ఎలుకల మ్యుటేషన్ టెస్టు లాంటివి. వాటికి ఖర్చు, సమయం, జంతువుల ప్రాణాలు మూడూ పోతాయి.

8. నైట్రోసమైన్లను ఈ జాబితాలో కలపకండి

1.5 మైక్రోగ్రాముల లిమిట్ వీటికి నేరుగా వర్తించదు. ఎన్‌డీఎంఏకు రోజుకు 96 నానోగ్రాములు, ఎన్‌డీఈఏ అనే మరో నైట్రోసమైన్‌కు 26.5 మాత్రమే. పైగా మామూలు పద్ధతిలో ప్లేట్ మీద నేరుగా పోసి చేసే ఏమ్స్ చిన్న నైట్రోసమైన్లను సరిగా పట్టదు. ఎలుకతో పాటు హ్యామ్‌స్టర్ కాలేయపు ఎస్9ను 30 శాతం దాకా వాడి, 30 నిమిషాలు ముందే కలిపి ఉంచి చేసే పద్ధతిని ఇప్పుడు రెగ్యులేటర్లు అడుగుతున్నారు. మామూలు ఏమ్స్‌లో నెగెటివ్ వచ్చిందని నైట్రోసమైన్‌ను వదిలేస్తే ప్లాన్‌లో అన్నిటికంటే పెద్ద కన్నం అదే.

వీటికి వేరే ఫైల్ తెరవండి. మీ రూట్‌లో సెకండరీ, టెర్షియరీ అమైన్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, నైట్రైట్ ఎక్కడి నుంచి రావచ్చు అని రెండు వరుసలు గీయండి. మందు అణువులోనే సెకండరీ అమైన్ ఉంటే, మాత్ర తయారీలో వాడే ఎక్సిపియెంట్లలో కొద్దిగా ఉండే నైట్రైట్‌తో కూడా నైట్రోసమైన్ పుట్టొచ్చు. కాబట్టి మీ కస్టమర్‌కు ఆ సంగతి ముందే రాతపూర్వకంగా తెలియజేయండి.

9. ఫైల్ మళ్లీ ఎప్పుడు తెరవాలి

వెండర్ మారినప్పుడు, సాల్వెంట్ రికవరీ మొదలుపెట్టినప్పుడు, క్వెంచ్ పద్ధతి (మిగిలిన రీఏజెంటును తొలగించే తీరు) మార్చినప్పుడు, ట్యాంకు వేరే ఉత్పత్తికి మళ్లించినప్పుడు, డోసు పెరిగినప్పుడు. ఛేంజ్ కంట్రోల్ ఫారమ్‌లో ‘ఈ మార్పు వల్ల కొత్త మ్యూటజెనిక్ ఇంప్యూరిటీ వచ్చే అవకాశం ఉందా’ అనే ఒక్క ప్రశ్న చేర్చండి. దానికి అవును, కాదు అని టిక్కు కాకుండా, కారణం రాసి సంతకం పెట్టే కెమిస్ట్ పేరు ఉండేలా చూడండి. ఫారమ్ మీద ఆ పేరు లేకుండా బ్యాచ్ మొదలవకూడదని ప్రొడక్షన్‌తో ముందే ఒప్పందం చేసుకోండి.